బండికో ముక్కు

డ్రిల్లు చేతిలో పట్టుకుని పావుగంట నుంచున్నాను. మా వాకిట్లో వేపచెట్టు నీడన నా థార్. పాత మోడల్, ముగ్గురి చేతులు మారి నా దగ్గరికొచ్చింది. ముందు చక్రం పైన ఉండే రేకు మీద మాస్కింగ్ టేపుతో ఒక కాగితం అంటించి ఉంది, కాగితం మీద గుండ్రంగా ఒక గీత. ఆ గీత వెంబడి బండికి బెజ్జం పెట్టాలి. ఆఫీసులో నేను రోజూ తప్పులు చేస్తాను, వాటిని వెనక్కి తిప్పుకోడానికి నాలుగు దారులుంటాయి. రేకుకి బెజ్జం పడితే పడినట్టే.

"బావా, పెళ్లికి కూడా నువ్వు ఇంతసేపు ఆలోచించలేదు" అన్నాడు బావ. జగ్గయ్యపేటలో ట్రాక్టర్ల షెడ్డు వాడిది. ఆదివారం సెలవు పాడుచేసుకుని నాకోసం వేదాద్రి వచ్చాడు. నాన్న నులకమంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నట్టు కనపడుతున్నాడు. పేజీ మాత్రం తిప్పట్లేదు.

నేను బిగించబోతున్న వస్తువు పేరు స్నార్కెల్. ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లకి ముందు అద్దం పక్కనుంచి పైకప్పు దాకా నల్లటి గొట్టం ఒకటి లేచి ఉంటుంది, చూసే ఉంటారు. చూడ్డానికి బడాయిగా ఉంటుంది, నిజమే. ఫోర్స్ గూర్ఖా లాంటి బండికి కంపెనీయే పెట్టి ఇస్తుంది. మిగతావాళ్లం బయట కొనుక్కుని బిగించుకుంటాం. మామూలుగా ఇంజను గాలి పీల్చే నోరు బానెట్ కింద, ఇంచుమించు హెడ్‌లైట్ల ఎత్తులో ఉంటుంది. నీళ్లు అక్కడిదాకా వస్తే ఇంజను గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. డీజిల్ ఇంజను గాలిని పదహారు, పదిహేడో వంతుకి కుదిస్తుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. గాలి నొక్కితే నలుగుతుంది. నీళ్లు నలగవు. సిలిండర్లోకి గ్లాసుడు నీళ్లు చేరితే చాలు, పైకి వచ్చే పిస్టన్ గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్ని హైడ్రోలాక్ అంటారు. ఎండు రోడ్డు మీద ఆగిన ఇంజన్ని రిపేరు చెయ్యొచ్చుగానీ దీనికి చాలాసార్లు ఇంజనే మార్చాలి.

అందుకని ఆ నోటిని పైకప్పు ఎత్తుకి తీసుకుపోవడం. అంతే. బండికి ఇంకో ముక్కు పెట్టడం.

ఇంజనీరింగ్ చదివేటప్పుడు వైజాగ్ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి లోపలికెళ్లి చూశాను. 2001లో నౌకాదళం నుంచి రిటైరయి, తర్వాతి ఏడాది మ్యూజియం అయిన ఓడ అది. అందులో డీజిల్ ఇంజన్ల గది చూసి, నీళ్ల కింద వీటికి గాలెక్కడిది అని అడిగితే, గైడు పైకి లేచే గొట్టం గురించి చెప్పాడు. స్నార్కెల్ అన్న మాట అక్కడిదే. డచ్చి నౌకాదళం వాడుతున్న గొట్టాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు చేజిక్కించుకుని తమ జలాంతర్గాములకి పెట్టుకున్నారు. పేరు వాళ్లది స్థిరపడింది. దాక్కోడానికి పుట్టిన వస్తువు, బండి మీదికొచ్చేసరికి అందరికీ కనపడ్డానికి పనికొస్తోంది.

నాకెందుకు కావలసివచ్చిందో చెప్పాలి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందురోజు నుంచీ వాన ఆగలేదు. అమ్మానాన్నల ఫోన్లు శనివారం రాత్రే ఆగిపోయాయి. అమ్మకి షుగరు, రోజుకి రెండు పూటలా ఇన్సులిన్. వేదాద్రిలో కరెంటు పోయిందని పక్క ఊరి స్నేహితుడు మెసేజ్ పెట్టాడు, ఆ తర్వాత వాడూ పలకలేదు. కరెంటు లేదంటే ఫ్రిజ్ లేదు, ఫ్రిజ్ లేదంటే ఇన్సులిన్ లేదు. నా బుర్రలో లెక్క అలా నడిచింది. తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరాను. మామూలుగా అయితే విజయవాడ హైవే మీద కోదాడ దాటి, సరిహద్దు దాటి, చిల్లకల్లు దగ్గర దిగి లోపలికి వెళ్తే కృష్ణ ఒడ్డున మా ఊరు. ఆరోజు కోదాడ దగ్గరే బండ్లన్నీ ఆపేశారు. ముందు గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. ఇంకా ముందుకెళ్తే నందిగామ అవతల ఐతవరం దగ్గర మున్నేరు హైవే ఎక్కేసింది. ఐతవరం దగ్గర అంతకుముందు ఏడాది జులైలో కూడా ఇదే జరిగింది. అప్పుడు నేను ఆఫీసులో కూర్చుని ఆ ఫోటోలు ఫార్వర్డ్ చేశాను.

లారీల వరసలో ఆరుగంటలు. ఎడంపక్క డొంకరోడ్డు ఒకటి కనపడింది, దాని మీద నీళ్లు. ఎంత లోతో తెలీదు. నా ముందే ఒక ట్రాక్టరు దాటింది. ట్రాక్టరు ఎత్తుగా ఉంటుంది, పైగా దాని గాలి గొట్టం పుట్టుకతోనే బానెట్ పైకి లేచి ఉంటుంది, దుమ్ముకోసం. నా బండికి అది లేదు. చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని ఆ నీళ్లని చూశాను. తర్వాత బండి తిప్పేశాను.

వెనక్కి హైదరాబాద్ దాకా నాలుగు గంటలు. ఆ దారంతా నాలో నేను అనుకున్నది ఒకటే: స్నార్కెల్ ఉండుంటే.

ఆ మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెప్తున్నారు. సింగ్‌నగర్ బుడమేరులో మునిగింది. మహబూబాబాద్ జిల్లా మరిపెడ దగ్గర ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి తండ్రీకూతుళ్లు ఇద్దరు చనిపోయారని చదివాను. ఆ అమ్మాయి వ్యవసాయ శాస్త్రవేత్త, తండ్రి ఆమెని ఎయిర్‌పోర్టుకి తీసుకొస్తున్నాడు. ఆ వార్త పూర్తిగా చదవలేకపోయాను. మూడోరోజు మధ్యాహ్నం అమ్మ ఫోను కలిసింది. "మేం బానే ఉన్నాం. ఘాట్ మెట్లు మునిగినయ్, మన మెరకకి రాలేదు" అంది. అంతే. ఆ వారమే స్నార్కెల్ ఆర్డరు పెట్టాను. వచ్చిన అట్టపెట్టె నా ఫ్లాట్ బాల్కనీలో ఎనిమిది నెలలు పడుంది.

ఈ ఎనిమిది నెలల్లో దాని గురించి నేను చదవని పేజీ లేదు, చూడని వీడియో లేదు. కథల పుస్తకాల మీద రివ్యూలు రాసే అలవాటు కొద్దీ, బిగింపు సూచనల కాగితాన్ని కూడా ఏ పదం ఎందుకు వాడాడో చూస్తూ చదివాను. బాగా రాయలేదు. మూడో అంచెలో 'గట్టిగా బిగించండి' అంటాడు, ఎంత గట్టిగానో చెప్పడు. ఏడో అంచెలో నాలుగో అంచె చేసుండాల్సింది అంటాడు.

2025 మే నెలలో పదిరోజులు ఇంటి నుంచే పని చేసుకుంటానని చెప్పి ఊరొచ్చాను.

"కొట్టు ఇంక" అన్నాడు బావ. ముందు సన్న బిట్టుతో నడిమధ్యన బెజ్జం. తర్వాత హోల్‌సా, గుండ్రటి రంపం లాంటిది. రేకు తెగేటప్పుడు వచ్చిన మోత వినలేక అమ్మ లోపలికెళ్లి తలుపేసుకుంది. గుండ్రటి రేకు బిళ్ల కింద పడ్డాక అంతా నిశ్శబ్దం. బెజ్జంలోంచి చూస్తే చక్రం లోపలి చీకటి కనపడింది. బావ ఆకురాయి తీసుకుని అంచులు నున్నగా రుద్దాడు, నేను బ్రష్షుతో రెండు పూతలు రంగేశాను. ఇక్కడ తొందరపడితే రెండు వానాకాలాల్లో తుప్పు పడుతుంది. చాలామంది ఈ పూత మానేస్తారు, పైన గొట్టం వస్తుంది కదా కనపడదులే అని.

కాగితం మీదున్న బెజ్జాలకీ గొట్టానికున్న బోల్టులకీ ఎనిమిది మిల్లీమీటర్లు తేడా వచ్చింది. ఎవర్ని తిట్టాలో తెలీక టేపుని తిట్టాను. రెండు బెజ్జాలు మళ్లీ పెట్టాల్సివచ్చింది. బోల్టులు ప్లాస్టిక్‌లో పొదిగిన ఇత్తడి మరల్లోకి వెళ్తాయి. ఎక్కువ బిగిస్తే ఇత్తడి ఊడి తిరిగిపోతుంది. అప్పుడిక గొట్టం పారేయడమే. నేను స్పానరుతో ఇంకో అరచుట్టు తిప్పబోతుంటే మంచం మీంచి నాన్న నోరు విప్పాడు.

"చాల్లే ఆపు. అది గట్టిదనం కాదు, నీ భయం."

మా నాన్న కృష్ణ ఒడ్డున ఎత్తిపోతల పథకంలో ముప్పై ఏళ్లు పంపు ఆపరేటరు. ఆ ముప్పై ఏళ్లలో నేను ఆ పంపుహౌసుకి పదిసార్లకి మించి వెళ్లలేదు. వెళ్లినప్పుడు కూడా మోత తప్ప ఏం గుర్తులేదు. పదో తరగతి తర్వాత నన్ను విజయవాడ హాస్టల్లో వేశారు, అక్కడినుంచి అటే. నాన్న పని గురించి నేను ఎప్పుడూ ఏదీ అడిగింది లేదు. ఎవరైనా అడిగితే 'ఇరిగేషన్‌లో' అనేవాణ్ణి. అబద్ధం కాదు. అయినా ఆ మాట వాడ్డంలో ఉన్నది ఏమిటో నాకు తెలుసు.

గొట్టం నిలబెట్టాం. ముందు అద్దం పక్కనున్న స్తంభానికి పట్టీ బిగించాం. లోపల రబ్బరు గొట్టంతో ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి కలిపి రెండువైపులా క్లిప్పులేశాం. అతుకులన్నిటికీ సీలెంటు. అది ఆరేదాకా ఆగాలి కాబట్టి మర్నాడు పొద్దున దాకా ఖాళీ. బావ భోంచేసి వెళ్లిపోతూ, "రేపు టెస్టుకి నేనక్కర్లేదు, మావయ్య చాలు" అన్నాడు.

ఆ టెస్టు ఎలాగంటే: ఇంజను స్టార్టు చేసి, స్నార్కెల్ పైనున్న టోపీ తీసి, గొట్టం నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాలి. బిగింపు సరిగ్గా ఉంటే ఇంజనుకి ఇంక ఎక్కణ్ణుంచీ గాలి రాదు, ఊపిరాడక ఆగిపోతుంది. ఆగకపోతే ఎక్కడో దొంగదారి ఉన్నట్టు. గాలి వచ్చిన దారిన నీళ్లూ వస్తాయి. అంటే ఇక్కడ ఇంజను చచ్చిపోతేనే మనం గెలిచినట్టు.

మర్నాడు పొద్దున నేను లోపల కూర్చుని తాళం తిప్పాను. నాన్న స్టూలెక్కి నోటికి చెయ్యి పెట్టాడు. ఇంజను గొంతు మారింది, కొంచెం దగ్గింది, తిరుగుతూనే ఉంది. పది సెకన్లు. ఇరవై.

"ఎయిర్ తీస్తాంది" అన్నాడు నాన్న, స్టూలు మీంచే. గొంతులో నేనెప్పుడూ వినని ఉత్సాహం.

పంపు సంగతి ఆరోజే మొదటిసారి తెలుసుకున్నాను. నదిలోంచి నీళ్లు పైకి రావాలంటే సక్షన్ పైపు నిండా నీళ్లే ఉండాలి. కింద ఫుట్‌వాల్వు నీళ్లని జారిపోకుండా పట్టుకుంటుంది. మధ్యలో ఏ అతుకు దగ్గరైనా సూదిమొనంత సందుంటే పంపు అక్కణ్ణుంచి గాలి లాక్కుంటుంది. అప్పుడు మోటారు హాయిగా తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. బయటికి కారితే కంటికి కనపడుతుంది. లోపలికి పీల్చే లీకు కనపడదు. ఎకరాలకెకరాలు ఎండుతుంటే, రైతులు చుట్టూ నిలబడి అరుస్తుంటే, కంటికి కనపడని సందుని వెతకడం ముప్పై ఏళ్లు నాన్న చేసిన పని.

"పంపుకి గాలి పోగూడదు. నీ బండికి నీళ్లు పోగూడదు. రెంటికీ ఒకటే జబ్బురా" అని, లోపలికి కేకేశాడు. "ఏమే, రెండు అగరొత్తులియ్యి."

అమ్మ దేవుడి దగ్గర్నుంచి అగరొత్తులు తెచ్చింది. నాన్న ఒకటి వెలిగించి, బానెట్ ఎత్తి, ఒక్కో అతుకు దగ్గరికీ మెల్లిగా తీసుకెళ్లాడు. ఫ్యాను గాలికి పొగ అటూ ఇటూ చెదురుతుంటే అట్టముక్క ఒకటి నాచేత అడ్డం పట్టించాడు. మొదటి క్లిప్పు, పొగ నిటారుగా లేచింది. రెండోది, అంతే. డబ్బా మూత చుట్టూ తిప్పాడు. ఏం లేదు. తర్వాత వంగి డబ్బా అడుగుకి తీసుకెళ్లేసరికి పొగ గీత గబుక్కున వంగి లోపలికి మాయమయింది. "అదుగో, తాగుతాంది చూడు."

ఫిల్టరు డబ్బా అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. వాన చుక్కలు లోపలికొస్తే కారిపోడానికి. దాన్ని మూయాలని నేను చదివాను, నోట్సు రాసుకున్నాను, మూడు వీడియోల్లో చూశాను. మర్చిపోయాను. పైగా ఇది చిక్కు ప్రశ్న: మూస్తే వరద నీళ్లు రావు, కానీ వాన నీళ్లు చేరితే పోడానికి దారుండదు. నాన్న దీనికి రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. "ఊడదీసే బిరడా పెట్టు. వానల్లో మూసుకో, ఎండల్లో తీసెయ్." బావ షెడ్డు నుంచి రబ్బరు బిరడా వచ్చింది.

సాయంత్రం మళ్లీ తాళం తిప్పాను. నాన్న మళ్లీ స్టూలెక్కాడు. చెయ్యి పెట్టాడు. ఇంజను ఒక్కసారి వణికి, రెండుసార్లు దగ్గి, ఠక్కున ఆగిపోయింది. వాకిలంతా నిశ్శబ్దం. గొట్టం ఆయన అరచేతిని పీల్చుకుంది కాబోలు, చెయ్యి ఎత్తేటప్పుడు చప్‌మని చప్పుడొచ్చింది. ఎర్రగా గుండ్రంగా ముద్ర పడ్డ చెయ్యి నాకు చూపించాడు. ఇద్దరం నవ్వాం.

చేతులు కడుక్కోడానికి వేపచెట్టు వెనక్కి వెళ్లి, చీకట్లో దేనికో తగిలి పడబోయాను.

"ఒరేయ్, దాన్ని కదిలించమాక. నా మందులుంటాయ్" అంది అమ్మ.

పెద్ద కుండలో చిన్న కుండ. మధ్యలో ఇసుక, ఇసుక మీద చెంబుడు నీళ్లు పోసి తడిపి, పైన తడి గోనెపట్టా. లోపల ప్లాస్టిక్ డబ్బాలో ఇన్సులిన్ సీసా ఒకటి. ఎండాకాలం కరెంటు కోతలకి ఆశా వర్కరు చెప్పిందట, నాలుగేళ్ల నుంచీ అలాగే పెడుతోందట. వరదప్పుడు కూడా ఇన్సులిన్ ఇందులోనే ఉంది, కుండని వసారాలోకి మార్చిందంతే. నాకు వెంటనే సైన్సు గుర్తొచ్చింది: వానల్లో గాలి నిండా తేమ, నీరు ఆవిరి కాదు, కుండ పెద్దగా చల్లబడదు. తర్వాత ఇంకా గుర్తొచ్చింది: వాడుతున్న సీసా గది వేడిలో దాదాపు నాలుగు వారాలు పాడవదు. ఫ్రిజ్ లేదంటే ఇన్సులిన్ లేదని హైవే మీద నేనేసుకున్న లెక్కలో మొదటి అడుగే తప్పు. ఒక్క నిమిషం ఫోన్లో వెతికితే తెలిసేది. ఆరుగంటలు లారీల మధ్య ఫోను చేతిలో పట్టుకునే ఉన్నాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎప్పుడు చెప్పేది? ఫోను కలిసిన కాడ్నించీ నువ్వే మాట్లాడావు. ఏ రోడ్డు ఎక్కడ ఆపారో, ఎక్కడెక్కడ తిరిగొచ్చావో. సరే, పిల్లోడు బెదిరాడులే అని ఊరుకున్నా."

దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్కలేశాను. నా థార్ సుమారు నాలుగు మీటర్ల పొడవు, మీటరూ డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు. బరువు టన్నూ ఏడొందల కిలోలు అనుకుందాం. బండి అడుగుభాగం మునిగాక నీళ్లు పైకెక్కే ప్రతి పది సెంటీమీటర్లకీ దాదాపు 680 కిలోల బరువుని నీళ్లు మోస్తాయి. అంటే పాతిక సెంటీమీటర్లు మునిగితే బండి మొత్తం నీళ్ల మీదే ఉన్నట్టు. తలుపు సందుల్లోంచి నీళ్లు లోపలికొస్తాయి కాబట్టి పడవలా తేలిపోదు. కానీ టైర్లకి నేల మీద పట్టు పోడానికి అంతదాకా పోనక్కర్లేదు. నేల నుంచి చూస్తే ఇదంతా నా తొడల ఎత్తు. స్నార్కెల్ నోరు ఆరడుగుల ఎత్తున ఉంది. అక్కడికి నీళ్లొచ్చే ఎంతో ముందే బండి నా మాట వినడం మానేస్తుంది, ఇంజను మాత్రం పైకప్పు మీంచి గాలి పీలుస్తూ తిరుగుతుంటుంది.

ఇది నిలవ నీటి లెక్క. పారే నీళ్లయితే ఇంకోటి కలపాలి. అరమీటరు లోతు నీళ్లు సెకనుకి రెండు మీటర్ల చొప్పున అడ్డంగా వస్తుంటే, దాదాపు నాలుగొందల కిలోల బరువుతో పక్కనుంచి తోసినట్టు. వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలు. ఆ డొంకరోడ్డు మీద నీళ్లు ఎంత వేగంతో పోతున్నాయో నేను చూశాను, కొలవలేదు. స్నార్కెల్ ఉండుంటే దిగేవాణ్ణా? దిగేవాణ్ణి. ఈ సంగతి ఇన్నాళ్లూ నా పశ్చాత్తాపంలా మోశాను. ఆ రాత్రి మంచం మీద లేచి కూర్చుని మంచినీళ్లు తాగాను.

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' కథలో రావుగారు గుర్తొచ్చాడు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ కాబట్టి అందరం ఆ బహుమతి గురించే చెప్పుకుంటాం. నేనూ ఒకప్పుడు దాని మీద పెద్ద వ్యాసం రాసి, నీతికీ జీవితానికీ ఘర్షణ అని తేల్చాను. ఇప్పుడు చదివితే నాకు రావుగారి సామాను కనపడుతోంది. విలువలు, క్రమశిక్షణ, పర్సు, అన్నీ తగిలించుకుని వచ్చిన మనిషి. గాలివాన రాత్రి ఆ స్టేషన్లో ఏ సామానూ లేనిదానిలా కనపడే ముష్టామెకి మాత్రం ఏం చెయ్యాలో తెలుసు. నా వ్యాసంలో ఆమె గురించి రెండు వాక్యాలున్నాయి. ఆమె రాత్రంతా ఏం చేసిందో చూడకుండా ఆమె దేనికి సంకేతమో రాశాను.

సామాను వల్ల ఉపయోగం లేదని నేననట్లేదు. ఖమ్మంలో అదే రోజు మున్నేరు ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిదిమందిని సుభాన్ ఖాన్ అనే జేసీబీ డ్రైవరు వెళ్లి తీసుకొచ్చాడు. దానికి జేసీబీ బరువూ ఎత్తూ కావాలి, ఆ యంత్రాన్ని రోజూ నడిపి నడిపి దాని పట్టు ఎక్కడ పోతుందో ఎరిగిన చేతులూ కావాలి. అదే మున్నేరు అక్కణ్ణుంచి దిగి నందిగామ దగ్గర మా హైవే ఎక్కింది.

బండిలో మిగిలిన పని వారమంతా చేశాం. స్నార్కెల్ ఒక్కటీ పెట్టి వదిలేస్తే సగం పనే. ఇరుసుల మధ్య డిఫరెన్షియల్‌కి ఊపిరి గొట్టాలుంటాయి. వేడెక్కిన ఇనుము ఒక్కసారి చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి ఆ గొట్టంలోంచి నీళ్లు లాక్కుంటుంది. నూనె పాలు పోసిన టీ రంగులోకి మారుతుంది. గేర్‌బాక్సుకీ అంతే. ఆ గొట్టాలన్నీ పొడిగించి బానెట్ పైభాగానికి తెచ్చి కట్టాం. వైర్ల కనెక్షన్లకి గ్రీజు పూశాం. చట్టం సంగతి కూడా చెప్పాలి: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగా చెప్పింది. గొట్టం ఆ కిందికి వస్తుందా రాదా అని నాకు ఇద్దరు లాయర్లు మూడు జవాబులిచ్చారు. ఇన్సూరెన్సు వాళ్లకి మాత్రం ముందే ఉత్తరం రాసి పెట్టుకున్నాను.

జూన్ చివర్లో మళ్లీ వచ్చినప్పుడు, చిల్లకల్లు నుంచి నాన్నతో కలిసి ఇంటికి వస్తుంటే చప్టా మీద నీళ్లు పారుతున్నాయి. పైన ఎక్కడో గట్టి వాన పడింది. అవతల ఇద్దరు బైకులాపి చూస్తున్నారు. బండి ఆపాను. నా చెయ్యి తనంతట తనే ఫోర్‌వీల్ గేరు మీదికి పోయింది. బిరడా పెట్టి ఉంది, గొట్టాలు కట్టి ఉన్నాయి, ఎనిమిది నెలల చదువుంది.

నాన్న మాట్లాడకుండా తలుపు తీసుకుని దిగాడు. గట్టు మీద ఎండు పుల్ల ఒకటి ఏరి, నీళ్ల అంచున నిలబడి ప్రవాహంలోకి విసిరాడు. చప్టా పక్కన మైలురాయి, దాని తర్వాత తుమ్మచెట్టు. పుల్ల మైలురాయి దాటగానే పెదాలు కదుపుతూ అంకెలు లెక్కపెట్టాడు. తుమ్మచెట్టు దగ్గర ఆపాడు. కాలవలో నీళ్లు ఎంత వస్తున్నాయో చూడ్డానికి రోజూ అలాగే చేసేవాడట. ఇంకో పుల్ల విసిరి మళ్లీ లెక్కపెట్టాడు. వెనక్కొచ్చి సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు.

"ఇంజను ఆపు. డీజిల్ దండగ."

రెండున్నర గంటలు కూర్చున్నాం. సంచిలో జగ్గయ్యపేటలో కొన్న అరటిపళ్లున్నాయి. 2009 అక్టోబరు వరదలో పంపుహౌసు మోటార్లు విప్పి పైకి మోసిన కథ చెప్పాడు. నేను అప్పుడు కాలేజీలో ఉన్నాను, ఆ వారంలో ఏ సినిమా చూశానో కూడా గుర్తుంది, ఈ కథ ఎప్పుడూ వినలేదు. మధ్యలో రెండు ట్రాక్టర్లు దాటాయి. మూడోవాడు మమ్మల్ని, మా గొట్టాన్ని చూసి నవ్వుకుంటూ పోయాడు. నీళ్లు మైలురాయి మొదలు వదిలాక నాన్న ఇంకో పుల్ల విసిరాడు. ఈసారి పుల్ల తుమ్మచెట్టుకి చేరేలోపు నేనూ లెక్కపెట్టాను.

బండి నీళ్లలోకి నిజంగా ఇప్పటిదాకా దిగలేదు. కానీ జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు లారీల దుమ్ములో దాని విలువ తెలుస్తోంది. ముందు పోయే లారీ లేపే దుమ్ము కిందే ఎక్కువ ఉంటుంది, పైకప్పు ఎత్తులో తక్కువ. మొన్న ఫిల్టరు తీసి దులిపితే ఇదివరకు వచ్చినదాంట్లో సగం కూడా రాలేదు. ఆస్ట్రేలియాలో ఎడారి దారుల్లో దీన్ని దుమ్ముకోసమే ఎక్కువ పెట్టుకుంటారని మొదటి రోజే చదివాను. చదివి దాటేశాను.

నాన్న ఇప్పుడు ఆదివారాలు ఫోన్ చేస్తున్నాడు. ఇదివరకు తిన్నావా అని అడిగి అమ్మకి ఇచ్చేసేవాడు.

"హైదరాబాద్‌లో వానంటగా. బిరడా పెట్టావా?"

"పెట్టాను."

"తీసి చూసి మళ్లీ పెట్టు. లోపల తడుందేమో."

ఫోను చెవికి పెట్టుకునే కిందికి దిగి, పార్కింగ్‌లో బానెట్ ఎత్తాను.